సీమావు భుజం ముందు బిళ్ళ కట్టిందా?

అనంతపురం: కాలిలో ముల్లు దిగి చీము పడితే మనిషికి గజ్జలో బిళ్ళ కడుతుంది. చేతికి గాయమై ముదిరితే చంకలో కడుతుంది. ఇది పల్లెల్లో ముసలీ ముతకా అందరికీ తెలిసిన సంగతే. ఆవుకు కూడా ఇలాగే బిళ్ళలు కడతాయి. భుజం ముందు, చెవి కింద, తొడ ముందు డొక్క దగ్గర చేయి పెట్టి తడిమితే తగులుతాయి. కానీ పొద్దున సాయంత్రం పొదుగు కడిగి పాలు పిండే చేతులు ఆ చోట్లకు పోవడం అరుదు. పాలు తగ్గితే దాణా చూస్తాం, పేడ చూస్తాం, దిష్టి తీస్తాం. బిళ్ళ మాత్రం చూడం. సీమావుల విషయంలో ఈ పొరపాటుకు చెల్లించే వెల చాలా ఎక్కువ.

మన జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్ల వాన. అదీ అదనుకు రాదు. శెనక్కాయ వేసిన రైతుకు కాయ దక్కకపోయినా కట్టె దక్కితే చాలుననుకునే సంవత్సరాలు ఎన్నో గడిచాయి. 2022లో జిల్లా రెండైంది. హిందూపురం, పుట్టపర్తి, ధర్మవరం, కదిరి ప్రాంతాలు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి. జిల్లా పేరు మారినా వాన తీరు మారలేదు. ఇలాంటి నేలమీద పదిహేను రోజులకొకసారి చేతికి వచ్చే పాల డబ్బు ఎందరో చిన్న రైతుల ఇల్లు నడుపుతున్నది. అందుకే నాటు ఆవుల పక్కన జెర్సీలు, హోల్‌స్టీన్ సంకరాలు వచ్చి చేరాయి. బ్యాంకులో అప్పు చేసి తెచ్చినవి కొన్ని, పొదుపు సంఘంలో తీసుకుని కొన్నవి కొన్ని. ఆవు చచ్చిపోయినా కంతు ఆగదు.

ఈ సీమావులను పొట్టన పెట్టుకునే రోగాల్లో ముఖ్యమైనది థైలేరియాసిస్. గొంతువాపు, గాలికుంటు పేర్లు తెలిసినంతగా ఈ పేరు మన ఊళ్ళలో తెలియదు. పిడుదు జ్వరం అంటే కొందరు పోల్చుకుంటారు. దీన్ని కలిగించేది బాక్టీరియా కాదు, వైరసూ కాదు. థైలేరియా అన్యులేటా అనే ఏకకణ జీవి, అంటే ఒళ్ళంతా కలిపి ఒకే ఒక్క కణమైన ప్రాణి. మన మలేరియా క్రిమికి దూరపు చుట్టం. మలేరియా క్రిమి దోమ ఎక్కి వస్తే ఇది పిడుదు ఎక్కి వస్తుంది.

దోమ సంగతి బయటపడింది మన తెలుగు గడ్డమీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్, మలేరియా రోగి రక్తం తాగిన దోమను కోసి దాని కడుపు గోడలో క్రిమిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. పిడుదు సంగతి అంతకన్నా ముందే, 1893లో, అమెరికాలో స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు రుజువు చేశారు. అది టెక్సాస్ జ్వరం అనే మరో పశురోగం. ఆ జ్వరానికి పిడుదే కారణమని అక్కడి పశువుల కాపరులు అప్పటికే చెబుతుండేవారు. చదువుకున్న వారిలో చాలామంది పట్టించుకోలేదు. గొడ్ల దగ్గర బతికే వాళ్ళ మాట వినడానికి శాస్త్రానికి కొంత కాలం పట్టింది.

థైలేరియా అనే పేరు ఆర్నాల్డ్ థైలర్ అనే పశువైద్యుని పేరు మీదుగా వచ్చింది. పుట్టింది స్విట్జర్లాండ్‌లో, పని చేసింది దక్షిణాఫ్రికాలో. పేరు ఎక్కడిదైతేనేం, పురుగు మాత్రం మన గాటిపాట్లోనే ఉంది.

గోడ సందులో కాపురం

పిడుదులనీ, గోమార్లనీ పిలిచే వీటిలో రకాలున్నాయి. థైలేరియాను మోసేది హయలోమా అనే రకం. గోధుమ రంగు ఒళ్ళు, కాళ్ళ మీద లేత రంగు పట్టెలు ఉంటాయి. పొదుగు, గజ్జలు, తోక కింద, చెవి లోపల పడుతుంది. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు రాలిపడి, నేలమీద ఉండక గోడ సందుల్లోకి పాకి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. మన కొట్టాలు చూడండి. మట్టితోనో, అసలు మట్టే లేకుండానో పేర్చిన రాతి గోడలు. పిడుదుకు ఇంతకన్నా మంచి ఇల్లు కట్టి ఇవ్వలేం.

గుడ్డు లోంచి వచ్చిన పిల్ల పిడుదులో క్రిమి ఉండదు. ఈ రోగం తల్లి పిడుదు నుంచి గుడ్డుకు దిగదు. పిల్లగా ఉన్నప్పుడు, క్రిమి ఉన్న పశువు రక్తం తాగితేనే అంటుకుంటుంది. పిడుదు పెరిగి పెద్దదై మరో పశువును పట్టినప్పుడు లాలాజలంతో పాటు క్రిమిని దించుతుంది. రైతుకు పనికివచ్చే విషయం ఒకటి ఇక్కడుంది. పిడుదు కరిచిన వెంటనే క్రిమి దిగదు. చర్మానికి పట్టుకుని రెండు మూడు రోజులు రక్తం తాగిన తరువాతే దాని లాలాజల గ్రంథుల్లో క్రిములు పక్వానికి వస్తాయి. కాబట్టి రోజు విడిచి రోజయినా పొదుగు, చెవులు, తోక కింద చూసి పిడుదులు తీసేసే ఇంట్లో ప్రమాదం బాగా తగ్గుతుంది. చంటిబిడ్డ తలలో పేలు చూసినట్టు చూడాలి.

తీసిన వాటిని గోళ్ళ మధ్య నలపవద్దు. ఈ హయలోమా జాతి పిడుదులే మనుషులకు క్రిమియన్ కాంగో జ్వరం అనే ప్రమాదకరమైన వైరస్ జ్వరాన్ని తెస్తాయి. అది మన దేశంలో మొదటిసారి 2011 జనవరిలో గుజరాత్‌లో నిర్ధారణ అయింది. చేతికి గుడ్డో, ప్లాస్టిక్ కవరో చుట్టుకుని తీసి నిప్పులో వేయాలి. ఇక థైలేరియా మాటకొస్తే, అది మనుషులకు అంటేది కాదు.

కాపలావాడిలోనే కాపురం

ఇక ఈ క్రిమి ఆవు ఒంట్లో చేసే పని చూద్దాం. వినడానికి కథలా ఉంటుంది గానీ సూక్ష్మదర్శినిలో కళ్ళతో చూసి రాసిన సంగతులివి.

రక్తంలో ఎర్ర కణాలు, తెల్ల కణాలు ఉంటాయని బడిలో చదివిన పిల్లలు చెబుతారు. ఎర్రవి గాలిని మోసే కూలీలు. తెల్లవి కాపలావాళ్ళు. బయటినుంచి ఏ క్రిమి వచ్చినా పట్టుకుని మింగి, లోపల ఒక సంచిలో వేసి అరిగించుకోవడం కొన్ని తెల్ల కణాల పని. బిళ్ళలు ఈ కాపలావాళ్ళ ఠాణాలు. శత్రువు వచ్చినప్పుడు అక్కడ తెల్ల కణాలు పెరుగుతాయి గనుకనే బిళ్ళ ఉబ్బుతుంది.

తెలివిగల దొంగ ఎవరైనా కాపలావాడికి దూరంగా నక్కి నడుస్తాడు. థైలేరియా నేరుగా కాపలావాడి దగ్గరికే పోతుంది. పిడుదు లాలాజలంలో దిగిన క్రిమి పొడవు మిల్లీమీటరులో దాదాపు వెయ్యో వంతు. అది తెల్ల కణానికి తగులుకుంటుంది. మలేరియా క్రిమిలా తొలుచుకుని పోదు. తెల్ల కణం పైపొరే దాన్ని చుట్టూ కమ్ముకుని, జిప్పు మూసినట్టు మూసుకుని లోపలికి తీసుకుంటుంది. మామూలుగానైతే ఇక్కడితో క్రిమి పని సరి. చుట్టూ కమ్మిన పొరే సంచి అవుతుంది, అందులోకి అరిగించే రసాలు వచ్చి పడతాయి. కానీ థైలేరియా కొద్ది నిమిషాల్లోనే ఆ పొరను కరిగించేస్తుంది. సంచి పోయింది, క్రిమి నిలిచింది. కణం మధ్యలో, సొంత ఇంట్లో ఉన్నట్టు కూర్చుంటుంది. ఆ కణంలోనే ఉండే సన్నని పోగులను తన చుట్టూ చేర్చుకుంటుంది.

అక్కడినుంచి అది పెరుగుతుంది. దాని కేంద్రకం రెండై, నాలుగై, పది ఇరవై అవుతుంది. మలేరియా క్రిమి అయితే ఈ దశలో తానున్న ఎర్ర కణాన్ని పగలగొట్టుకుని బయటికి దూకుతుంది. చలి, వణుకు, జ్వరం రోజు విడిచి రోజు రావడానికి కారణం అదే. సామాన్యంగా 48 గంటలకొకసారి లక్షల కణాలు ఒక్కసారిగా పగులుతాయి. థైలేరియా పద్ధతి వేరు. అది ఇంటిని పగలగొట్టదు, ఇంటినే పెంచుతుంది.

ప్రతి తెల్ల కణంలోనూ 'ఇక పెరుగు' అని చెప్పే మీట లాంటిది ఉంటుంది. శత్రువు వచ్చినప్పుడు అది పడుతుంది, కణం రెండుగా చీలుతుంది. పని అయ్యాక మీట తిరిగి మూతపడుతుంది. థైలేరియా ఆ మీటకు సంబంధించిన పదార్థాలను తన ఒంటిమీదికి లాగి పోగుచేసుకుని, ఎప్పుడూ తెరిచే ఉండేట్టు చేస్తుందని స్విట్జర్లాండ్‌లోని బెర్న్ శాస్త్రజ్ఞులు 2002లో వెల్లడించారు. క్రిమి తన ఒంటినుంచి ఒక ప్రోటీనును కణంలోకి వదిలి ఈ పెరుగుదలను నడిపిస్తున్నదని పారిస్ శాస్త్రజ్ఞులు 2015లో మరో సంగతి బయటపెట్టారు. మొత్తం మీద కాపలావాడికి ఆగమని చెప్పేవారు లేరు. చీలుతూనే ఉంటాడు.

కణం చీలేటప్పుడు లోపల కదురు ఆకారంలో పోగులు ఏర్పడి, అటు సగం ఇటు సగం లాగుతాయి. కురుబల ఇళ్ళలో కంబళికి ఉన్ని వడికే కదురు చూసినవారికి ఆ ఆకారం చెప్పనక్కరలేదు. థైలేరియా పోయి ఆ పోగులనే పట్టుకుంటుంది. కణం చీలినప్పుడు క్రిమి కూడా సాగి రెండు ముక్కలై, చెరో కణంలో చెరో ముక్క చేరుతుంది. రెండు కణాల్లోనూ క్రిమి ఉంటుంది. అవి నాలుగవుతాయి, ఎనిమిదవుతాయి. క్రిమికి బయటికి వచ్చి కొత్త ఇల్లు వెతుక్కునే పనే లేదు. బయటికి రాదు గనుక దాన్ని పట్టే అవకాశమూ ఒంటికి తక్కువ.

ఇది క్యాన్సరు పోలికే. కణాలు అదుపు లేకుండా పెరగడం, పుట్టినచోటు వదిలి ఊపిరితిత్తులకు, కాలేయానికి, పొట్టకు పాకడం రెండింటిలోనూ ఒకటే. ఒక ప్రాణి కణంలో దూరి, ఆ కణాన్ని ఈ రీతిగా మార్చగల ఏకకణ జీవులు థైలేరియా జాతిలోనే కనబడుతున్నాయి. అయితే క్యాన్సరుకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. లోపలున్న క్రిమిని చంపితే ఆ తెల్ల కణం పెరగడం ఆపేసి తానుగా చచ్చిపోతుంది. మందు మీద మనకున్న ఆశ అంతా ఇక్కడే ఉంది.

బిళ్ళ ముందు, రక్తహీనత తరువాత

పిడుదు కరిచిన రెండు వారాలకు అటూ ఇటూగా రోగం పైకి తేలుతుంది. పిడుదు ఎక్కడ కరిచిందో దానికి దగ్గరి బిళ్ళ మొదట ఉబ్బుతుంది. చెవిలో కరిస్తే చెవి కింద, పొదుగు దగ్గరయితే వెనుక భాగంలో. ఆ తరువాత మిగతావీ ఉబ్బుతాయి. అన్నిటికన్నా సులువుగా చేతికి తెలిసేది భుజం ముందుది. మామూలుగా తడిమినా సరిగా దొరకని బిళ్ళ నిమ్మకాయంత, ఒక్కోసారి అంతకన్నా పెద్దదిగా తగులుతుంది. దానితో పాటే జ్వరం 104 నుంచి 106 డిగ్రీలకు పోతుంది. మంచి ఆరోగ్యంతో ఉన్న ఆవుకు ఉండేది 101, 102 డిగ్రీలు. పాలు ఒక్కసారిగా పడిపోతాయి. మేత ముట్టదు. కళ్ళల్లో నీరు, ముక్కు కారడం, ఆయాసం, దగ్గు కనబడతాయి.

రెండో దశలో క్రిమి దారి మారుస్తుంది. కొన్ని తెల్ల కణాల్లో అది చిన్న చిన్న క్రిములుగా విడిపోయి బయటికి వచ్చి ఎర్ర కణాల్లోకి దూరుతుంది. క్రిమి పట్టిన ఎర్ర కణాలను ప్లీహం ఏరి నాశనం చేస్తుంది. ఆవు రక్తం పలచబడుతుంది. కనురెప్ప తిప్పి చూస్తే లోపలి పొర తెల్లగానో పచ్చగానో ఉంటుంది, ఎర్రని చుక్కలు కనబడవచ్చు. నాలుగో పొట్ట గోడకు పుండ్లు పడతాయి. పేడ నల్లగా, జిగటగా, ఒక్కోసారి రక్తంతో పడుతుంది. చూడి ఆవు ఈసుకుపోవచ్చు. మళ్ళీ పిడుదులు వచ్చి రక్తం తాగి క్రిమిని తీసుకుపోయేది ఈ ఎర్ర కణాల దశలోనే. రైతు పశువైద్యశాలకు బయలుదేరేది కూడా చాలాసార్లు ఈ దశలోనే.

పశువైద్యశాల ముందు చెట్టుకింద వినబడే మాటలు సామాన్యంగా ఇలా ఉంటాయి.

"ఎన్నాళ్ళాయెనమ్మా మేత మానేసి?"

"వారం దాటింది సార్. తొలుత పాలు తగ్గినాయి. కొత్త దాణా పడలేదేమో అనుకొంటిమి. మా మామ మిరియాలు దంచి పోసినాడు. జ్వరానికి ఊళ్ళో రెండు సూదులు వేయించినాం. ఒకపూట తినింది, మళ్ళీ మానుకునింది."

"ఇదిగో, ఇక్కడ చెయ్యి పెట్టి చూడు. ఈ గడ్డ ఎప్పటినుంచి ఉంది?"

"అది మేం చూడనే లేదు సార్."

ఆ ఇల్లాలి తప్పేమీ లేదు. చూడమని ఎవరూ చెప్పలేదు. జ్వరం తగ్గించే సూది వేస్తే జ్వరం ఒకపూట తగ్గుతుంది, లోపల క్రిమికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. బాక్టీరియాను చంపే మామూలు మందుల సంగతీ అంతే. వాటిలో టెట్రాసైక్లిన్ రకం మందు తొలి రోజుల్లో కొంత అడ్డుపడుతుందే గాని, రోగం ముదిరాక నిలబెట్టదు.

మరో గందరగోళం కూడా ఉంది. పశువులకు రక్తంలో పట్టే ఏకకణ క్రిములు ఇదొక్కటే కాదు. ఎర్ర మూత్రం పోయించే బేబీసియా ఉంది. అదీ పిడుదుతోనే వస్తుంది, కానీ తెల్ల కణాల జోలికి పోదు. నేరుగా ఎర్ర కణాల్లో దూరి వాటిని పగలగొడుతుంది. ఆ రంగే మూత్రంలో దిగుతుంది. జోరీగలు తెచ్చే సర్రా ఉంది. దాని క్రిమిని 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు గుర్రాల, ఒంటెల రక్తంలో కనిపెట్టాడు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. సర్రా క్రిమి ఏ కణంలోనూ దూరదు. రక్తంలో బయటే ఈదుతూ, కాపలావాళ్ళు గుర్తుపట్టే లోపల ఒంటిమీది చొక్కా మార్చేస్తుంది. ఒకటి కణం బయట, ఒకటి ఎర్ర కణంలో, ఒకటి తెల్ల కణంలో ఉన్నప్పుడు మూడింటికీ ఒకే మందు ఎలా పనిచేస్తుంది? బేబీసియాకు, సర్రాకు వాడే డిమినజీన్ సూది థైలేరియాను కుదర్చదు. 'పోయినసారి పక్కింటి ఆవుకు వేసిన సూదే వేయండి' అని వైద్యుణ్ణి ఒత్తిడి చేసేవారు ఈ సంగతి గమనించాలి.

నిర్ధారణ పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ఉబ్బిన బిళ్ళలో సూది గుచ్చి ఒక్క చుక్క రసం తీసి, గాజు పలక మీద పూసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. తెల్ల కణాల్లో నీలి మచ్చలు కనబడతాయి. వీటిని కోక్ నీలి మచ్చలంటారు. క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కోక్ పేరే అది. చెవి నుంచి తీసిన రక్తపు చుక్కలో ఎర్ర కణాల క్రిములను చూస్తారు.

సగం మోతాదు లాభమా?

థైలేరియాకు సరైన మందు బుపార్వాక్వోన్. 1980 దశకంలో వచ్చింది. క్రిమికి శక్తినిచ్చే భాగాన్ని దెబ్బతీస్తుంది. క్రిమి చస్తే అది పట్టిన తెల్ల కణమూ చస్తుందని పైన చెప్పుకున్నాం. కాబట్టి బిళ్ళ, జ్వరం ఉన్న తొలి రోజుల్లో పడితే ఒక్క సూదితోనే చాలా ఆవులు లేచి మేత మేస్తాయి. అవసరమైతే రెండు రోజుల తరువాత మరొకటి వేస్తారు. రక్తం పలచబడి, ఊపిరితిత్తుల్లో నీరు చేరిన తరువాత అదే మందు అదే చేత్తో వేసినా ఫలితం అంతగా ఉండదు. మందు క్రిమిని చంపగలదే గాని, పోయిన రక్తాన్ని తెచ్చిపెట్టలేదు.

మందు ఖరీదైనది. చిక్కంతా ఇక్కడే. సామాన్యంగా దొరికే మందులో 20 కిలోల బరువుకు 1 మిల్లీలీటరు లెక్క. 300 కిలోల ఆవుకు 15 మిల్లీలీటర్లు పడాలి. చేతిలో డబ్బు చాలక సగం వేయించి, 'ముందు చూద్దాం' అనేవారున్నారు. వారిని తప్పుపట్టడం సులువు. కరువు సీమలో ఆ డబ్బు ఎక్కడినుంచి రావాలో చెప్పడం కష్టం. కానీ సగం మోతాదుతో సగం జబ్బు నయం కాదు. చావగా మిగిలిన గట్టి క్రిములు మళ్ళీ పెరుగుతాయి. ఇరాన్, ట్యునీషియా, సూడాన్ దేశాల్లో ఈ మందుకు లొంగని థైలేరియా ఇప్పటికే కనబడింది. మందు తక్కువ పడితే ఆ ఇంటి ఆవుతో పోదు, ఊరందరి ఆవులకూ ముప్పు. మందు వేసిన తరువాత ఎన్ని రోజులు పాలు అమ్మకూడదో వైద్యుణ్ణి అడిగి పాటించాలి.

వైద్యశాల దూరమైన ఊళ్ళవారికి ఒక మాట. రాష్ట్రంలో 2022లో సంచార పశువైద్య వాహనాలు మొదలయ్యాయి. 1962 నంబరుకు ఫోను చేసి పిలవాలి. పిలిచేటప్పుడు 'ఆవు మేత మేయడం లేదు' అని మాత్రమే చెప్పక, 'భుజం ముందు బిళ్ళ ఉంది, పిడుదులున్నాయి, జ్వరం ఉంది' అని చెబితే వచ్చేవారు సిద్ధమై వస్తారు.

నాటు ఆవు ఎందుకు తట్టుకుంటుంది?

ఒకే కొట్టంలో, ఒకే గాటిన కట్టిన నాటు ఆవు నెమరు వేస్తూ ఉంటే సీమావు పడిపోతుంది. మా కంట్లో పడిన విడ్డూరం ఇదే అని రైతులంటారు. కారణం ఉంది. వేల సంవత్సరాలుగా ఈ పిడుదుల మధ్య బతికిన మూపురం పశువులు థైలేరియాతో ఒక రాజీకి వచ్చాయి. వాటికీ క్రిమి పడుతుంది. కానీ వాటి తెల్ల కణాలు బెదిరి ఇల్లంతా తగలబెట్టుకోవు. జ్వరాన్నీ, నీరసాన్నీ, కండ కరగడాన్నీ తెచ్చేది చాలా మటుకు తెల్ల కణాలు వదిలే రసాయనాలే. బ్రిటన్‌లో సాహివాల్ దూడలకు, హోల్‌స్టీన్ దూడలకు ఒకే మోతాదులో క్రిమిని ఎక్కించి చూసిన పరిశోధన 2005లో అచ్చయింది. సాహివాల్ దూడలు తక్కువ జ్వరంతో తట్టుకుని నిలిచాయి. సాహివాల్ కూడా మన నాటు ఆవులాగే మూపురం జాతి. ఎనుములు కూడా సీమావుల కన్నా బాగా తట్టుకుంటాయి.

ఇందులో ఒక మెలిక ఉంది. తట్టుకున్న పశువు క్రిమిని వదిలించుకోదు. రక్తంలో కొద్దిగా ఉంచుకుని నెలలు, సంవత్సరాలు తిరుగుతుంది. పిడుదు దాని రక్తం తాగి పక్కనున్న సీమావుకు ఎక్కిస్తుంది. జబ్బు కోలుకున్న సీమావు కూడా అంతే. కాబట్టి 'నాటు ఆవుకు పిడుదులున్నా ఫరవాలేదు' అనుకునే ఇంట్లో సీమావుకు క్షేమం లేదు. సంత నుంచి కొత్త ఆవును తెచ్చినప్పుడు దాని ఒంటిమీది పిడుదులన్నీ తీసి, మందు పట్టించి, రెండు వారాలపాటు వేరే చోట కట్టడం మంచిది. కొత్త చోటికి వచ్చిన ఆవుకు ఈ ఊరి క్రిమి కొత్తదై కూడా ప్రాణం మీదికి రావచ్చు. కరువులో మేత కోసం గొడ్లను దూరం తోలుకుపోయి వానలకు తిరిగి తెచ్చినప్పుడూ ఇదే జాగ్రత్త.

పిడుదుల మందు ఆవు ఒంటికి పూసి ఊరుకుంటే సగం పనే అయినట్టు. గోడ సందుల్లో ఉన్నవి అక్కడే ఉంటాయి. వానలకు ముందే రాతి గోడ సందులకు మట్టో, సిమెంటో మెత్తి, సున్నం కొట్టించాలి. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, అమిట్రాజ్ వంటి మందులను వైద్యుడు చెప్పిన పాళ్ళలోనే నీటిలో కలిపి ఒంటికీ గోడలకూ కొట్టాలి. పాళ్ళు పెంచితే ఆవు నాకి విషమెక్కుతుంది. తగ్గిస్తే పిడుదులు మందుకు అలవాటు పడతాయి. కిరసనాయిలు, పాత ఇంజను ఆయిలు పూసేవారు ఇంకా ఉన్నారు. చర్మం కాలి పుండ్లు పడడం తప్ప లాభం లేదు. కొట్టంలో నాటుకోళ్ళను తిరగనివ్వడం మాత్రం మంచి పాత అలవాటే. రాలిన పిడుదులను ఏరి తింటాయి.

టీకా సంగతి చాలామంది అడుగుతారు. అది తయారైన తీరు ఈ క్రిమి గుణం మీదే ఆధారపడింది. క్రిమి పట్టిన తెల్ల కణం ఆగకుండా పెరుగుతుంది గదా. ఆ కణాలను ఆవు ఒంట్లో కాక ప్రయోగశాలలో సీసాల్లో పెంచవచ్చునని 1945 నాటికే తేలింది. అలా నెలల తరబడి సీసాలు మార్చుతూ పెంచితే క్రిమికి రోగం తెచ్చే శక్తి పోతుంది, ఒంటికి దాన్ని గుర్తుపట్టే శక్తి మాత్రం నేర్పుతుంది. ఇలాంటి టీకానే జాతీయ పాడి అభివృద్ధి మండలి స్థాపించిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ హైదరాబాదులో రక్షావాక్-టి పేరుతో తయారు చేసింది. రెండు నెలలు దాటిన సంకరజాతి దూడలకు వేస్తారు, నిండు చూడి పశువులకు వేయరు. బతికి ఉన్న కణాలతో చేసిన టీకా గనుక ద్రవ నత్రజనిలో, వీర్యపు గొట్టాలను ఉంచే క్యాను లాంటి దానిలోనే ఉంచాలి. బయటికి తీసి కరిగించాక నిలవ ఉండదు. అందుకని ఒక్క దూడ కోసం తెప్పించడం కుదరదు. టీకా దొరికేదీ లేనిదీ పశువైద్యుణ్ణి కనుక్కుని, ఊళ్ళో పాల కేంద్రం దగ్గర ఎవరింట ఎన్ని సీమ దూడలున్నాయో, ఏది ఎన్ని నెలలదో ఒక కాగితం మీద రాసి వానాకాలానికి ముందే ఆయనకు అందజేస్తే, అందరికీ ఒకే రోజు వేయించుకునే వీలుంటుంది.